విశాఖ మ్యాప్‌లో దగ్గరగా ఉన్నవాటిని ఒకే గాటన కట్టడం: డేటా బరువు తగ్గించే పద్ధతి, అడుగడుగునా

విశాఖ నగరంలో లక్ష వీధిదీపాల స్తంభాలు గుర్తించారనుకుందాం. ఒక్కో స్తంభానికీ ఒక పాయింట్, దాని పక్కన వార్డు, రకం, వాట్లు, చివరిసారి చూసిన తేదీ ఉంటాయి. జియోజేసన్ (మ్యాప్ డేటాను మామూలు అక్షరాల్లో రాసే పద్ధతి) ఫైలుగా రాస్తే పాయింట్‌కు 250 బైట్ల చొప్పున 25 ఎంబీ. ఫోన్‌లో తెరిస్తే జగదాంబ జంక్షన్ దగ్గర రోడ్డు కనబడదు, చుక్కల ముద్ద కనబడుతుంది. ఆ ముద్ద కనబడేలోపే చూసేవాళ్లకు విసుగొచ్చి మూసేస్తారు.

దీనికి చాలామంది వెంటనే చేసే పని, మ్యాప్ లైబ్రరీలో (వెబ్‌పేజీలో మ్యాప్ చూపించే కోడ్, లీఫ్‌లెట్, మ్యాప్‌లిబ్రే లాంటివి) క్లస్టరింగ్, అంటే గుంపులు కట్టడం, ఆన్ చేయడం. లీఫ్‌లెట్‌కు మార్కర్‌క్లస్టర్ ప్లగిన్ ఉంది, మ్యాప్‌లిబ్రేలో జియోజేసన్ సోర్స్‌కు క్లస్టర్ సెట్టింగే ఉంది. తెర తేటపడుతుంది, చుక్కల బదులు అంకెలున్న గుండ్రాలు వస్తాయి. బరువు మాత్రం తగ్గదు. 25 ఎంబీ అంతా ఫోన్‌లోకి దిగాకే ఆ గుంపులు తయారవుతాయి. బరువు తగ్గాలంటే డేటా ఉన్నచోటే, పంపకముందే కలపాలి. అలా కలిపినప్పుడు కొంత పోతుంది. ఏది పోయినా ఫర్వాలేదో ముందే తేల్చుకోకపోతే తర్వాత చేసే ప్రతి అడుగూ తప్పుతుంది.

కలపకముందు: మ్యాప్ ఏం చెప్పాలి?

ఒకే స్తంభాల డేటాతో రెండు మ్యాపులు చేయొచ్చు. ఏ వీధిలో వెలుతురు తక్కువో చూపే మ్యాప్‌కు విడి స్తంభం అక్కర్లేదు, 100 మీటర్ల పరిధిలో ఎన్ని ఉన్నాయో తెలిస్తే చాలు. దీపం మార్చడానికి వెళ్లే లైన్‌మన్‌కు ఇచ్చే మ్యాప్‌లో మాత్రం ఒక్క స్తంభం కూడా పక్కదానిలో కలవకూడదు. రెండో రకం మ్యాప్‌కు ఈ వ్యాసం పనికిరాదు. అక్కడ డేటాను టైల్స్‌గా, అంటే చిన్న చదరపు ముక్కలుగా విడగొట్టి, తెర మీద కనిపించే భాగం వరకే పంపించడం సరైన దారి.

అసలు డేటాను ఎప్పుడూ ముట్టుకోవద్దు. గుంపులు వేరే ఫైలులో ఉండాలి, ప్రతి అసలు పాయింట్‌కూ చెరగని నంబరు ఒకటి ఉండాలి. క్యూజీఐఎస్‌లో (మ్యాప్ డేటా పనులు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) కనిపించే ఎఫ్‌ఐడీ, అంటే దానంతటదే వచ్చే వరస నంబరు, ఫైలు మారితే మారిపోవచ్చు కాబట్టి దాన్ని నమ్ముకోకుండా సొంత నంబరు కాలమ్ పెట్టుకోండి.

తేలిగ్గా తగ్గేది ముందు తగ్గించండి

గుంపులు కట్టకుండానే కొంత బరువు దిగిపోతుంది. ఈ మెట్టు దాటేసి నేరుగా క్లస్టరింగ్‌కు వెళ్లేవాళ్లే ఎక్కువ.

జియోజేసన్‌లో కాలమ్ పేరు ప్రతి ఫీచర్ (మ్యాప్‌లోని ఒక్కో వస్తువు) దగ్గరా మళ్లీ రాసి ఉంటుంది. తెలుగు అక్షరాలకు యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలను దాచే పద్ధతి) గుర్తుకు 3 బైట్లు. ఒత్తులు, గుణింతాలు, సున్నలు విడి గుర్తులుగానే లెక్కకొస్తాయి. ‘స్తంభం_రకం’ అన్న పేరు 28 బైట్లు. లక్ష పాయింట్లకు లక్షసార్లు రాస్తే ఆ ఒక్క పేరే 28 లక్షల బైట్లు. మ్యాప్‌కు పంపే ఫైలులో కాలమ్ పేర్లు ఒకటి రెండు అక్షరాలకు కుదించి, చూపించేటప్పుడు అసలు పేరు తగిలించండి. జిప్ చేసి పంపుతున్నాం కదా అనుకోవచ్చు. దారిలో బరువు తగ్గుతుంది నిజమే, కానీ ఫోన్ దాన్ని విప్పి మొత్తం చదవాల్సిందే.

రెండోది దశాంశాలు. మన అక్షాంశం దగ్గర డిగ్రీలో 5వ దశాంశ స్థానం అంటే సుమారు 1.1 మీటర్లు, 6వది 11 సెంటీమీటర్లు. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. అలాంటి కొలతకు 15 దశాంశాలు రాయడంలో అర్థం లేదు. క్యూజీఐఎస్‌లో జియోజేసన్‌గా ఎగుమతి చేసేటప్పుడు ‘కోఆర్డినేట్ ప్రెసిషన్’ అని ఒక గడి ఉంటుంది, అక్కడ 6 రాయండి. పాయింట్‌కు 17, 18 బైట్లు మిగులుతాయి.

మూడోది, తప్పు పాయింట్లు. 0, 0 దగ్గర పడినవి తీసేయండి. అక్షాంశం, రేఖాంశం తారుమారైనవి కూడా ఉంటాయి. విశాఖ సుమారు 17.7 ఉత్తరం, 83.3 తూర్పు. తిరగబడితే 83.3 ఉత్తరం, 17.7 తూర్పు అవుతుంది, అంటే స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన ఆర్కిటిక్ మహాసముద్రంలో. అలాంటివి పది ఉన్నా అవన్నీ కలిసి అక్కడొక చక్కటి గుంపుగా తయారవుతాయి, ఫలితంలో అసలు గుంపుల పక్కన దర్జాగా కూర్చుంటాయి. ఒకే చోట ఒకదాని మీద ఒకటి పడిన నకళ్లు వేరే సంగతి. అవి ఒకే స్తంభాన్ని రెండుసార్లు నమోదు చేసినవో, అపార్ట్‌మెంట్‌లోని రెండు దుకాణాలో చూసి గానీ తీసేయొద్దు.

డిగ్రీలు వదిలి మీటర్లలోకి

ఫోన్ నుంచి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి వచ్చే డేటా డబ్ల్యూజీఎస్ 84 అన్న కొలత పద్ధతి డిగ్రీల్లో, అంటే ఈపీఎస్‌జీ 4326లో (ఈపీఎస్‌జీ అంటే ఒక్కో కొలత పద్ధతికి ఇచ్చిన నంబరు) ఉంటుంది. దూరం ఆధారంగా గుంపులు కట్టే పనికి ఇది పనికిరాదు. విశాఖ దగ్గర ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 110.7 కిలోమీటర్లు, ఒక డిగ్రీ రేఖాంశం దాదాపు 106.1 కిలోమీటర్లు. కాబట్టి డిగ్రీల్లో గీసిన వలయం నేల మీద గుండ్రంగా ఉండదు.

అంతకన్నా పెద్ద ప్రమాదం, క్యూజీఐఎస్‌లో గుంపులు కట్టే డీబీస్కాన్ అనే పనిముట్టులో దూరానికి ముందే పెట్టి ఉన్న విలువ 1. లేయర్ డిగ్రీల్లో ఉండగా అలాగే నడిపిస్తే ఆ 1 అంటే వంద కిలోమీటర్ల పైమాట. పెందుర్తి నుంచి భీమిలి దాకా ఉన్నదంతా ఒకే గుంపుగా వస్తుంది. మీటర్ల లేయర్ మీద అలాగే నడిపిస్తే ఆ 1 ఒక్క మీటరే కాబట్టి దాదాపు ఏదీ కలవదు. ఫలితం ఈ రెండింట్లో ఏదోలా వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది ఇదే.

విశాఖకు సరైనది మీటర్లలో కొలిచే యూటీఎమ్ పద్ధతిలో 44 ఉత్తర జోన్, ఈపీఎస్‌జీ 32644. ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో ‘రీప్రాజెక్ట్ లేయర్’తో మార్చండి. లేయర్ మీద కుడి క్లిక్ చేసి సీఆర్ఎస్ (కొలత పద్ధతి) మార్చడం వేరు, అది చీటీ మారుస్తుందే గానీ అంకెలు మార్చదు. మార్చాక ఎక్స్ విలువలు 7 లక్షల పైన, వై విలువలు 19 లక్షల పైన కనిపిస్తే సరిగ్గా మారినట్టు. ఈ జోన్‌లో విశాఖ దగ్గర దూరాల్లో తప్పు కిలోమీటరుకు అర మీటరు కూడా రాదు. 44వ జోన్ 84 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఆగిపోతుంది. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 45వ జోన్‌లోకి వెళ్తాయి. ఉత్తరాంధ్ర జిల్లాల డేటా కలిపి చేస్తుంటే ఇక్కడ తడబడతారు. మొత్తాన్ని 44లోనే ఉంచితే తప్పు కొంచెం పెరుగుతుంది తప్ప గుంపులు చెడిపోవు, సగం అందులో సగం ఇందులో పెడితే మాత్రం అంతా కలగాపులగం.

వెబ్ మ్యాపుల ఈపీఎస్‌జీ 3857లో కూడా మీటర్లే కనిపిస్తాయి గానీ అవి నేల మీటర్లు కావు. మన దగ్గర అది దూరాన్ని సుమారు 5 శాతం, విస్తీర్ణాన్ని 10 శాతం పెంచి చూపిస్తుంది. పాయింట్లకు సర్దుకోవచ్చు. భవనాల విస్తీర్ణం లెక్కేసేటప్పుడు వాడొద్దు.

ఎంత దగ్గరైతే ‘దగ్గర’?

పని బాగా రావడం, పాడవడం అంతా ఈ ఒక్క అంకెలోనే ఉంది. దాన్ని రెండు వైపుల నుంచి చూడాలి.

తెర వైపు నుంచి: విశాఖ అక్షాంశం దగ్గర 256 పిక్సెళ్ల టైల్స్‌లో జూమ్ 10లో ఒక పిక్సెల్ అంటే నేల మీద 146 మీటర్లు. జూమ్ 12లో 36 మీటర్లు, 14లో 9.1 మీటర్లు, 16లో 2.3 మీటర్లు. గుర్తు వెడల్పు 20 పిక్సెళ్లయితే జూమ్ 14లో అది 182 మీటర్ల నేలను కప్పేస్తుంది. అంతకన్నా దగ్గరున్న రెండు పాయింట్లు ఎలాగూ ఒకదాని మీద ఒకటి పడతాయి. కాబట్టి ఆ జూమ్‌లో వాటిని విడిగా పంపడం వృథా.

డేటా వైపు నుంచి: ప్రతి పాయింట్‌కూ దగ్గరి పొరుగువాళ్లు ఎంత దూరంలో ఉన్నారో కొలవండి. క్యూజీఐఎస్‌లో ‘డిస్టెన్స్ మ్యాట్రిక్స్’ తెరిచి, రెండు లేయర్ల దగ్గరా అదే లేయర్ ఇచ్చి, దగ్గరి పాయింట్ల సంఖ్య 3 అని పెట్టండి. ఒక్కో పాయింట్‌కు వచ్చిన మూడు దూరాల్లో పెద్దదాన్ని తీసుకుని చిన్న నుంచి పెద్దకు పేర్చి గ్రాఫ్ గీయండి. గీత చాలాదూరం చదునుగా పోయి ఒకచోట ఒక్కసారిగా పైకి లేస్తుంది. లేచే ముందున్న విలువే మొదటి ప్రయత్నానికి తగిన దూరం.

గ్రాఫ్‌లో రెండు మెట్లు కనిపిస్తే నగరంలో రెండు రకాల సాంద్రత ఉందని అర్థం. విశాఖలో ఇది సహజం. పూర్ణామార్కెట్, కురుపాం మార్కెట్ వైపు దుకాణాలు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఎండాడ, మధురవాడ వైపు అదే రకం దుకాణాల మధ్య ఖాళీ జాగాలుంటాయి. పాతబస్తీకి సరిపోయే 15 మీటర్లు పెడితే శివార్లలో ఏదీ కలవదు. శివార్లకు సరిపోయే 60 పెడితే పాతబస్తీ అంతా ఒకే ముద్ద. డేటాను రెండు భాగాలు చేసి వేర్వేరు దూరాలతో నడపడం తేలికైన మార్గం. మధ్యస్థంగా 35 పెడితే రెండు చోట్లా చెడుతుంది.

డీబీస్కాన్ నడిపించడం

ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో ‘వెక్టర్ ఎనాలిసిస్’ కింద డీబీస్కాన్ క్లస్టరింగ్ ఉంటుంది. అడిగేవి రెండే: గరిష్ఠ దూరం, గుంపుకు కనీస సంఖ్య. ఒక పాయింట్ చుట్టూ ఆ దూరంలో, తనతో కలిపి, కనీస సంఖ్యలో పాయింట్లుంటే అది గుంపుకు గుండెకాయ అవుతుంది. దాని పొరుగువి అందులో చేరతాయి, వాటిలో గుండెకాయలైనవి తమ పొరుగువాటినీ చేర్చుకుంటాయి. ఎటూ చేరనివి ఒంటరివి. నడిచాక టేబుల్‌లో క్లస్టర్ ఐడీ, క్లస్టర్ సైజ్ అని రెండు కాలమ్‌లు వస్తాయి.

ఒంటరి పాయింట్లకు క్లస్టర్ ఐడీ ఖాళీగా ఉంటుంది. తర్వాత అడుగులో ఐడీ ప్రకారం కలిపినప్పుడు ఆ ఖాళీలన్నీ ఒకే ఐడీగా లెక్కకొస్తాయి. గాజువాకలో ఒంటరిగా ఉన్న స్తంభం, ఋషికొండ మీద ఒంటరిగా ఉన్న స్తంభం, ఇంకా ఊరంతా చెదిరి ఉన్న వేలాది స్తంభాలు కలిసి ఒక్క గుంపైపోతాయి. దాని కేంద్రం నగరం మధ్యలో ఎక్కడో పడుతుంది, అక్కడ అన్నిటికన్నా పెద్ద గుండ్రం వెలుగుతుంది. చూసేవాళ్లకు అది నిజమేననిపిస్తుంది. అదే ఇందులో ప్రమాదం. బరువు తగ్గించడమే పనైతే కనీస సంఖ్య 1 పెట్టండి. ఒంటరి పాయింట్ తానే ఒక గుంపు అవుతుంది, ఖాళీ ఐడీలు రావు. కనీస సంఖ్య పెద్దది కావాలనుకుంటే, కలపకముందు ఐడీలను ఒక అక్షరాల కాలమ్‌లోకి తీసుకుని, ఖాళీ ఉన్నచోట ‘ఒ’ అన్న అక్షరానికి మీ సొంత నంబరు తగిలించి నింపండి.

పోస్ట్‌జీఐఎస్‌లో (మ్యాప్ డేటా దాచి లెక్కలు చేసే డేటాబేస్) ఇదే పని ఎస్‌టీ_క్లస్టర్‌డీబీస్కాన్ చేస్తుంది, 2.3 వెర్షన్ నుంచి ఉంది. విండో ఫంక్షన్ (డేటాను విభాగాలుగా చూస్తూ లెక్కేసేది) కాబట్టి వార్డు, రకం ప్రకారం విభజించి నడపొచ్చు. అలా విభజిస్తే ప్రతి విభాగంలోనూ ఐడీలు మళ్లీ 0 నుంచి మొదలవుతాయి. 98 వార్డులుంటే, ఒక్కో రకానికీ 0 నంబరు గుంపులు 98 దాకా వస్తాయి. గుంపు పేరును వార్డు, రకం, ఐడీ మూడూ కలిపి రాయకపోతే అవన్నీ మళ్లీ ఒకే గాటన పడతాయి.

గొలుసుకట్టు: బీచ్ రోడ్డు ఎందుకు ఒకే గుంపైపోతుంది

డీబీస్కాన్‌కు దూరం మీద హద్దుంది గానీ గుంపు పొడవు మీద లేదు. బీచ్ రోడ్డులో స్తంభాలు 30 మీటర్లకొకటి ఉన్నాయనుకోండి. కనీస సంఖ్య 1 ఉంచి దూరం 35 మీటర్లు పెడితే ఆర్కే బీచ్ దగ్గరి స్తంభం పక్కదాన్ని పట్టుకుంటుంది, అది దాని పక్కదాన్ని. అలా పట్టుకుంటూ పట్టుకుంటూ ఋషికొండ దాటి పోతుంది. పక్క వీధులు కూడా అదే వరసలో తగులుకుంటాయి. మూడు నాలుగు గుంపులకే నగరమంతా అయిపోతుంది. దూరం 28కి తగ్గిస్తే ఏదీ కలవదు. స్తంభాలు, రోడ్డు పక్క చెట్లు, డివైడర్ మొక్కలు, మ్యాన్‌హోళ్లు ఇలా వరసగా సమదూరంలో ఉండే వేటికైనా ఇదే గతి. దూరం ఎంత సర్దినా లాభం లేదు, పద్ధతే మారాలి.

వీటికి గళ్లు వేయడం మేలు. మీటర్ల ఎక్స్‌ను 250తో భాగించి పూర్ణాంకం ఉంచుకోండి, వైకి కూడా అంతే. ఎక్స్ 744310, వై 1957620 అయితే గడి పేరు 2977_7830. ఒకే గడి పేరున్నవన్నీ ఒక గుంపు. పది కిలోమీటర్లు పొడవు, పది కిలోమీటర్లు వెడల్పు ఉన్న ప్రాంతంలో 250 మీటర్ల గళ్లు 1600. పాయింట్లు లక్షున్నా పది లక్షలున్నా గుంపులు 1600 దగ్గరే ఆగుతాయి. బరువు ఎంత దాకా వస్తుందో ముందే చెప్పగలగడం ఈ పద్ధతి బలం. లోపం కూడా ఉంది. గడి గీతకు అటూ ఇటూ రెండడుగుల దూరంలో ఉన్న రెండు పాయింట్లు వేర్వేరు గుంపుల్లో పడతాయి.

దుకాణాలు, బస్టాపులు, బడులు లాంటి చెదురుమదురు వాటికి మా సిఫారసు రెండు పద్ధతుల కలయిక. ముందు డీబీస్కాన్, ఆ తర్వాత ప్రతి గుంపు విస్తృతి కొలిచి, 300 మీటర్లు దాటిన గుంపులను మాత్రమే గళ్లతో కోయండి. గుంపు పేరు ‘క్లస్టర్ ఐడీ_గడి’ అవుతుంది. చిన్న గుంపులు సహజంగా ఉంటాయి, పెద్దవి హద్దులో ఉంటాయి.

గుంపులు కట్టే ఇంకో పద్ధతి కె-మీన్స్ సంగతి క్లుప్తంగా. ఎన్ని గుంపులు కావాలో మనమే చెప్పాలి, అది ఒంటరి పాయింట్లను కూడా ఏదో ఒక గుంపులోకి ఈడ్చేస్తుంది. పోస్ట్‌జీఐఎస్ 3.2 నుంచి దానికి గరిష్ఠ వ్యాసార్థం ఇచ్చే వీలు వచ్చాక కొంత నయం. నలభై బృందాలకు పని పంచాలన్నప్పుడు బాగుంటుంది, బరువు తగ్గించడానికి మాత్రం మొదటి ఎంపిక కాదు.

కాలువ, కొండ, హైవే

ఓడరేవు లోపలి కాలువకు ఒకవైపు పాతబస్తీ, ఫిషింగ్ హార్బర్ వైపు నేల. ఇంకోవైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని వెనక యారాడ. గాలిలో గీత గీస్తే రెండు ఒడ్లూ పక్కపక్కనే. రోడ్డు మీద పోవాలంటే ఓడరేవంతా చుట్టి రావాలి. దూరం ఒక్కటే చూసే ఏ పద్ధతైనా ఈ రెండు ఒడ్లను కలిపేయొచ్చు. కైలాసగిరి కింద బీచ్ రోడ్డు, కొండ మీద పార్కు కూడా అంతే. జాతీయ రహదారి 16కు అటూ ఇటూ ఉన్న దుకాణాలను కలపాలా వద్దా అన్నది మ్యాప్ అవసరాన్ని బట్టి.

దీనికి ముందుగా జోన్ల లేయర్ ఒకటి గీయాలి. నీళ్లు, రైలు పట్టాలు, కొండ అంచులు, హైవే హద్దులుగా పాలిగాన్లు (మూసిన ఆకారాలు) గీసి, ‘జాయిన్ ఎట్రిబ్యూట్స్ బై లొకేషన్’తో ప్రతి పాయింట్‌కూ జోన్ నంబరు ఎక్కించండి. పోస్ట్‌జీఐఎస్‌లో ఆ నంబరుతో విభజించి నడిపితే సరిపోతుంది. క్యూజీఐఎస్ డీబీస్కాన్‌లో విభజన గడి లేదు. అందుకు పాత చిట్కా ఒకటుంది. ‘ట్రాన్స్‌లేట్’ పనిముట్టులో ఎక్స్ జరుపుడు విలువకు జోన్ నంబరు × 10,00,000 అని ఎక్స్‌ప్రెషన్ ఇవ్వండి. ఒక్కో జోన్ వెయ్యి కిలోమీటర్ల దూరానికి జరిగిపోతుంది, ఇక ఏ రెండు జోన్లూ కలవవు. డీబీస్కాన్ నడిపాక వచ్చిన క్లస్టర్ ఐడీని సొంత నంబరు ఆధారంగా అసలు లేయర్‌కు జోడించి, జరిపిన లేయర్ పారేయండి. చూడ్డానికి మొరటుగా ఉన్నా కచ్చితంగా పనిచేస్తుంది.

రకాలను కలపకుండా ఉంచడానికి కూడా ఇదే చిట్కా. ఆసుపత్రి, దాని ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటర్ పది మీటర్ల దూరంలో ఉన్నా ఒక గుంపు కావు. కాలం కూడా ఒక గోడే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలో చెట్లను కూల్చేసింది. అంతకు ముందు గుర్తించిన చెట్లు, ఆ తర్వాత నాటినవి ఒకే లేయర్‌లో ఉంటే, లేని చెట్టును ఉన్న చెట్టుతో కలిపి రెండని లెక్కేస్తాం. క్యూజీఐఎస్ 3.22 నుంచి తేదీ తేడాను కూడా చూసే ఎస్‌టీ-డీబీస్కాన్ ఉంది. తేదీలు రెండు మూడు విడతలే అయితే విడతకో లేయర్ చేయడం ఇంకా తేలిక.

గుంపుకు ప్రతినిధి ఎవరు?

‘అగ్రిగేట్’ పనిముట్టులో గ్రూప్ బై దగ్గర గుంపు పేరు ఇవ్వండి. ప్రతి కాలమ్‌కూ ఏం చేయాలో విడిగా చెప్పాలి. స్తంభాల సంఖ్యకు లెక్కింపు, వాట్లకు మొత్తం, తనిఖీ తేదీకి అన్నిటికన్నా పాతది. సగటుల జోలికి వెళ్లకండి. 2 స్తంభాల గుంపు సగటునూ 40 స్తంభాల గుంపు సగటునూ తర్వాత మళ్లీ సగటు చేస్తే అంకె తప్పుతుంది. మొత్తం, సంఖ్య రెండూ ఉంచుకుంటే సగటు ఎప్పుడైనా వస్తుంది. అసలు నంబర్లన్నీ కామాలతో ఒక కాలమ్‌లో కూర్చే అలవాటు కూడా మానుకోవాలి, తీసిన బరువంతా వెనక దారిలో మళ్లీ వచ్చి చేరుతుంది. గుంపు పేరు, అసలు నంబరు ఉన్న రెండు కాలమ్‌ల టేబుల్ సర్వర్‌లోనే ఉంచండి.

అగ్రిగేట్ ఇచ్చేది మల్టీపాయింట్. అందులో అన్ని పాయింట్లూ ఇంకా ఉన్నట్టే, బరువు తగ్గలేదు. దాని మీద ‘సెంట్రాయిడ్స్’ నడిపితే సగటు స్థానంలో ఒక్క పాయింట్ మిగులుతుంది. మన తీరంలో దీనికొక చిక్కుంది. తీరం లోపలికి ఒంపు తిరిగినచోట రోడ్డు వెంబడి పాయింట్ల సగటు సముద్రంలో పడుతుంది. వీధిదీపం అలల మీద కనిపిస్తే మిగతా మ్యాప్‌ను కూడా ఎవరూ నమ్మరు. సగటుకు అన్నిటికన్నా దగ్గరున్న అసలు పాయింట్‌నే ప్రతినిధిగా తీసుకుంటే ఆ బాధ ఉండదు.

చేసే వరస ఇది. సగటు ఎక్స్, వైలను గుంపు పేరు ఆధారంగా అసలు పాయింట్లకు జోడించండి. ఫీల్డ్ క్యాలిక్యులేటర్‌తో ఒక్కో పాయింట్ నుంచి సగటుకు దూరం లెక్కేయండి. ‘ఆర్డర్ బై ఎక్స్‌ప్రెషన్’తో ఆ దూరం ప్రకారం చిన్న నుంచి పెద్దకు పేర్చండి. చివరగా ‘డిలీట్ డూప్లికేట్స్ బై ఎట్రిబ్యూట్’ గుంపు పేరు మీద నడిపితే ప్రతి గుంపులో మొదటిదే మిగులుతుంది. ‘జాయిన్ బై నియరెస్ట్’తో ఒక్క అడుగులో అయిపోతుందనిపిస్తుంది గానీ అది పక్క గుంపు పాయింట్‌ను కూడా పట్టుకొస్తుంది.

భవనాలైతే

పాలిగాన్లకు పద్ధతి వేరు. 3 మీటర్ల లోపు సందున్న ఇళ్లను ఒక దిమ్మెగా కలపాలంటే 1.5 మీటర్లు బయటికి బఫర్ చేసి (అంచు జరిపి), డిజాల్వ్ చేసి (తగులుకున్నవాటిని ఒకటిగా చేసి), తిరిగి −1.5 మీటర్లు లోపలికి బఫర్ చేయాలి. ‘మల్టీపార్ట్ టు సింగిల్‌పార్ట్స్’తో విడదీసి, 50 చదరపు మీటర్ల కన్నా చిన్న లోపలి ఖాళీలను ‘డిలీట్ హోల్స్’తో పూడ్చి, 1 మీటరు టాలరెన్స్‌తో సింప్లిఫై చేయండి.

ఇక్కడే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుంది. బఫర్ ప్రతి మూలనూ గుండ్రం చేస్తుంది. నాలుగు మూలల ఇంటికి పాతిక మూలలొస్తాయి. ఫీచర్లు తగ్గి ఫైలు పెరుగుతుంది. జాయిన్ స్టైల్ దగ్గర రౌండ్ తీసి మైటర్ పెట్టండి, మూలలు మూలలుగానే ఉంటాయి. ముందూ వెనకా మొత్తం శీర్షాల (మూల బిందువుల) సంఖ్య పోల్చి చూడండి. పాలిగాన్ల బరువు ఫీచర్లలో కాదు, శీర్షాల్లో ఉంటుంది.

పాతబస్తీలో మనుషులు తిరిగే సందులే రెండు మూడు మీటర్లు. బఫర్ వాటిని మూసేస్తుంది. ఫైరింజన్ దారులకో, డ్రైనేజీకో ఆ మ్యాప్ వాడేట్టయితే, రోడ్లు సందుల గీతలకు మీటరు బఫర్ చేసి, కలిపిన దిమ్మెల నుంచి ‘డిఫరెన్స్’తో కోసేయండి. నగరమంతా ఒకేసారి డిజాల్వ్ చేస్తే కంప్యూటర్ గంటలు తీసుకుంటుంది, వార్డుకో ముక్కగా చేస్తే చకచకా పోతుంది.

జూమ్‌కో మెట్టు

ఒకే స్థాయి గుంపులు అన్ని జూమ్‌లకూ చాలవు. జూమ్ 10, 11లకు 2000 మీటర్ల గళ్లు, 12, 13లకు 500, 14, 15లకు 125, 16 నుంచి అసలు పాయింట్లు అన్న వరస నగరానికి సరిపోతుంది. 2000, 500, 125 ఒకదానిలో ఒకటి సరిగ్గా ఇమిడే అంకెలు కాబట్టి చిన్న గడి ఎప్పుడూ రెండు పెద్ద గళ్ల మధ్య చీలదు. పై మెట్టును కింది మెట్టు నుంచే కట్టొచ్చు, కాకపోతే స్థానం సగటు తీసేటప్పుడు ఒక్కో గుంపు సంఖ్యను బరువుగా వాడాలి. లేకపోతే 2 స్తంభాల గుంపు, 200 స్తంభాల గుంపు సమానంగా లాగుతాయి.

వెక్టర్ టైల్స్ (పాయింట్లు, గీతలు అలాగే ఉండే టైల్స్) చేసేవాళ్లకు టిప్పెకనూ అనే పనిముట్టులో ఈ పని చాలావరకు సిద్ధంగా ఉంది. క్లస్టర్ డిస్టెన్స్‌ను టైల్ వెడల్పు 256 అన్న కొలతలో చెప్పాలి, మామూలు గుర్తులకు 10 దగ్గర మొదలుపెట్టొచ్చు. ఎక్యుములేట్ ఎట్రిబ్యూట్‌తో వాట్లకు మొత్తం అని విడిగా చెప్పండి. చెప్పకపోతే గుంపులోని ఒక స్తంభం విలువే గుంపు మొత్తానికీ కూర్చుంటుంది. మామూలుగా ఒక టైల్‌కు 500 కేబీ, 2,00,000 ఫీచర్లు హద్దు. అది దాటినప్పుడు హద్దు ఎత్తేసే బదులు క్లస్టర్ డిస్టెన్స్ పెంచండి.

సరిచూడటం

అన్ని గుంపుల సంఖ్యలు కూడితే అసలు పాయింట్ల సంఖ్య రావాలి, ఒక్కటి కూడా తేడా రాకూడదు. వార్డువారీగా కూడా అదే. వార్డు హద్దు దాటి కలిసిన గుంపులుంటే ఇక్కడ బయటపడతాయి. ప్రతి అసలు పాయింట్ నుంచి దాని ప్రతినిధికి దూరం కొలిచి గరిష్ఠం చూడండి. 250 మీటర్ల గడి కర్ణం 354 మీటర్లు, అంతకు మించి వచ్చిందంటే ఎక్కడో గుంపు పేర్లు కలిసిపోయినట్టే.

తర్వాత కళ్లతో. దట్టమైన చోటుకు పూర్ణామార్కెట్, పలచని చోటుకు ముడసర్లోవ, నీటి అడ్డుకు ఫిషింగ్ హార్బర్, వరసలకు బీచ్ రోడ్డు. ఈ నాలుగు చోట్ల అసలు పాయింట్లను గుంపుల మీద పరిచి చూస్తే చాలు, మిగతా ఊరు వీటిలో ఏదో ఒకదాన్ని పోలే ఉంటుంది.

దాచడం, మళ్లీ చేయడం

ఫలితాన్ని జియోప్యాకేజ్‌లో (లేయర్లన్నీ ఉండే ఒకే డేటాబేస్ ఫైలు) దాచండి. షేప్‌ఫైల్‌లో కాలమ్ పేరు 10 బైట్లు దాటదు, అక్షరాల కాలమ్ 254 బైట్లు దాటదు. తెలుగులో అది 84 గుర్తులే, పొడుగాటి చిరునామా మధ్యలో తెగుతుంది. పక్కన యూటీఎఫ్-8 అని చెప్పే సీపీజీ ఫైలు పోతే పేర్లన్నీ పిచ్చి గుర్తులవుతాయి. జియోప్యాకేజ్‌లో పాత లేయర్లు తీసేసినా ఫైలు పరిమాణం తగ్గదు, డేటాబేస్ మేనేజర్‌లో ‘వాక్యూమ్’ నడిపించాకే తగ్గుతుంది. బరువు తగ్గలేదేమిటా అని తల పట్టుకునే ముందు ఇది చేయండి.

డేటా నెలనెలా మారేదైతే ఇంకో జాగ్రత్త ఉంది. డీబీస్కాన్ ఇచ్చే ఐడీలు శాశ్వతం కావు. కొత్తగా పది స్తంభాలు చేరి మళ్లీ నడిపితే పోయిన నెల 417వ గుంపు ఈ నెల 902 కావొచ్చు. ఆ నంబరుతో ఫిర్యాదులో, ఫొటోలో ముడిపెట్టి ఉంటే అవన్నీ వేరే వీధికి పోతాయి. గళ్ల పద్ధతిలో గడి పేరు ఎప్పటికీ మారదు. 2977_7830 పదేళ్ల తర్వాత కూడా అదే నేల. డీబీస్కాన్ గుంపులకైతే, గుంపులోని అసలు నంబర్లలో అన్నిటికన్నా చిన్నదాన్ని గుంపు పేరుగా పెట్టుకోండి. ఆ స్తంభం పీకేసినప్పుడో, గుంపు చీలినప్పుడో, రెండు గుంపులు కలిసినప్పుడో తప్ప పేరు మారదు. మారినప్పుడు కూడా ఏది ఎందుకు మారిందో టేబుల్‌లో వెతికి పట్టుకోవచ్చు.